చెరిపిన డిస్కులో మొఖాలు

జనగామ బస్టాండు ఎదురుసందులో నాకో చిన్న షాపు ఉంది. కంప్యూటర్లు బాగుచేస్త. పాత క్యాసెట్లు, డిస్కులు తెస్తే వాటిలో ఉన్నది పెన్‌డ్రైవుకు ఎక్కించి ఇస్త. వచ్చేవి ఎక్కువగా పెళ్లి వీడియోలే. గీతలు పడి, బూజు పట్టి, సరిగ్గా తాళి కట్టే దగ్గర ఆగిపోయే డిస్కులు ఎన్నో చూసిన. నిరుడు పత్తి ఏరే రోజుల్లో ఒకామె దస్తీలో చుట్టిన డిస్కు తెచ్చి నా బల్ల మీద పెట్టినప్పుడు, ఇదీ అసొంటిదే అనుకున్న.

"చెల్లె, గిండ్ల ఏమున్నదో నాకు జెప్పాలె" అన్నది. "తీసియ్యకున్నా మంచిదే. ఏమున్నదో జెప్తె సాలు."

మొగుళ్లపల్లి నుంచి బస్సులు మారి వచ్చిందట. యాభై దాటి ఉంటయి. మాట్లాడినంతసేపు తల వంచుకొని డిస్కునే చూసింది. నేనూ డిస్కునే చూసిన. ఆమె భర్త ఫోటోగ్రాఫర్. దంతాలపల్లిలో ఏండ్లకేండ్లు స్టూడియో నడిపిండు. అందరి చేతుల్లోకి ఫోన్లు వచ్చినంక గిరాకీ పడిపోతే, దుకాణం ఎత్తేసి సొంతూరు మొగుళ్లపల్లికి వచ్చిండ్రు. వానకాలంలో ఆయన పోయిండు. పోయేముందు కొన్ని నెలలు రోజూ ఈ డిస్కు కంప్యూటర్‌లో వేసుకొని, తలుపు దగ్గరికేసి కూర్చునేదట.

"నేను లోపటికి పోతె టక్కున బంద్ జేసెటోడు. ఎవలన్న ఆడిమనిషి ఫోటోలేమో అనుకున్న చెల్లె. సచ్చిపోయిన మనిషి మీద గిట్ల అనుమానపడుడు మంచిదా? గని నిద్రపడ్తలేదు. ఆయన పోయినంక నేనే ఏసి జూసిన. ఏం లేదు. ఖాళీ అంటది."

డిస్కు వెనుక్కు తిప్పి చూసిన. రాసి, చెరిపి, మళ్లీ రాసుకునే రకం. ఫోటోగ్రాఫర్లు ఒకప్పుడు దీన్ని పెన్‌డ్రైవు లెక్క వాడేటోళ్లు. స్టూడియోలో ఫోటో తయారుచేసి, ఇందులో వేసుకొని హన్మకొండ ల్యాబుకు తీసుకపోయి, ప్రింటు తెచ్చుకొని, చెరిపి మళ్లీ వాడుకునేది. నా డ్రైవులో పెట్టి చూసిన. కొంచెంసేపు గిరగిర తిరిగింది, ఆగింది, మళ్లీ తిరిగింది, చేతులెత్తేసింది.

"అక్కా, ఇసొంటి డిస్కులు ఏ డ్రైవుల రాస్తరో దాన్లనే మంచిగ చదువుతయి. ఆయన కంప్యూటర్ ఉన్నదా?"

"ఉన్నది. తువ్వాల కప్పి పెట్టిన."

ఆ ఆదివారమే పోయిన. పరకాల దాటినంక బస్సు కిటికీలో నుంచి పత్తి పోగులు వచ్చి ఒళ్లో పడుతుండె. ఆమె ఇల్లు ఊరి చివర ఉంది. వాకిట్లో మిరపకాయలు ఎండుతున్నయి. ముందటి గదిని ఆయన చిన్న స్టూడియో లెక్క పెట్టుకున్నడు. గోడకు నీలం పరదా, దాని ముందట గుండ్రటి స్టూలు, మూలకు మడిచిన గొడుగు లైట్లు. కంప్యూటర్ పరదాకు ఎదురుగ ఉంది. కుర్చీలో కూర్చుంటే వెనుక తలుపు.

"నువ్వు జూడు. నేను వంటకాడ ఉంట. ఏమన్న ఉంటె పిలువు" అని లోపలికి పోయింది. తను పక్కన ఉండి చూడడానికి ధైర్యం చాలలేదని నాకు అర్థమైంది.

డిస్కు పెట్టంగనే ఆ కంప్యూటర్ అడిగిన మొదటి మాట, దీన్ని ఫార్మాట్ చెయ్యాల్నా, అంటే మొత్తం తుడిచెయ్యాల్నా అని. ఆమె ఎన్నిసార్లు ఈ ప్రశ్న ముందట కూర్చొని ఏది నొక్కాల్నో తెలువక లేచి పోయిందో. ఒక్కసారి అవును అని నొక్కినా నేను రావాల్సిన పని ఉండకపోవు. కంప్యూటర్ బంద్ చేసి, నా పెన్‌డ్రైవులో ఉన్న లినక్స్ అనే వేరే సిస్టమ్‌తో మళ్లీ లేపిన.

లినక్స్‌లో డిస్కును డ్రైవులో పెడితేనే పని కాదు. ఇది ఫలానా రకం, దీన్ని ఫలానా ఫోల్డరుకు తగిలించు అని మనం చెప్పాలె. దాన్నే మౌంట్ చెయ్యడం అంటం. ఈ డిస్కులది యూడీఎఫ్ అనే రకం. చదువుడే తప్ప రాసుడు వద్దని షరతు పెట్టి మౌంట్ చేసిన. ముందు తప్పు అన్నది. డిస్కు మీద ఒక్కో గడి ఎంత పెద్దదో కూడా రాసి ఇచ్చిన. అప్పుడు పట్టింది. డ్రైవు లైటు పచ్చగ వెలిగింది.

ఖాళీయే. లోపల ఒక్క ఫైలు కూడా లేదు. కానీ చివరిసారి ఎప్పుడు మారిందో ఆ తేదీ ఉంది. ఆమెను పిలిచి చెప్పిన.

గరిట చేతిలో పట్టుకొని తలుపు అవతలనే నిలబడ్డది. "గా తారీకు ఆయనను దవాఖానకు తీస్కపోయిన రోజే. పొద్దుగాల్నే తానం జేసి, జీపు వచ్చెదాక గీ కుర్సీలనే కూసున్నడు. మళ్ల ఇంటికి రాలె."

అంటే పోయే ముందు చెరిపిండు. ఈ రకం డిస్కు మీద ఫైలు చెరిపితే అది అప్పుడే మాయంకాదు. పేరు పక్కన, ఇది పోయింది అని ఒక చిన్న గుర్తు పడుతది. చూపించొద్దు అన్నట్టు, అంతే. ఆ జాగలో కొత్తది రాసేదాక పాతది అట్లనే పడి ఉంటది. మౌంట్ చేసేటప్పుడు అన్‌డిలీట్ అని ఒక్క మాట కలిపితే, ఆ గుర్తును పట్టించుకోకుండ అన్నీ చూపిస్తది. డిస్కును ఆ ఫోల్డరు నుంచి విడదీసి, ఆ మాట కలిపి మళ్లీ తగిలించిన.

తెర నిండా పేర్లు దిగినయి. అన్నీ ప్రశ్న గుర్తులే. తెలుగులో పేర్లు పెట్టిండన్న మాట. అక్షరాల సెట్టింగు మార్చి మూడోసారి మౌంట్ చేసిన. ఇప్పుడు చదవొస్తున్నయి. రెండు ఫోల్డర్లు. ఒకదాని పేరు మూసినవి. రెండోదాని పేరు తెరిచినవి.

తెరిచినవి అన్నదాన్లోకి పోయిన. మనుషుల పేర్లు లేవు. దంతాలపల్లి అవ్వ, మానుకోట బాపు, పెద్దవంగర తండా అవ్వ, పెద్దముత్తైదువ, మేస్త్రి తమ్ముడు. ఇట్ల ఒక దాని కింద ఒకటి. మొదటిది తెరిచిన. డ్రైవు గరగరమని రొప్పుకుంట ఫోటోను పైనుంచి కిందికి కొంచెం కొంచెం దింపింది. నెరిసిన జుట్టు, నుదురు, రూపాయంత బొట్టు, కండ్లు. గోడలకు దండ వేసి పెట్టుకునే ఫోటో. వెనుక నీలం రంగు. ఇంకొకటి తెరిచిన. ఇంకొకటి. ముసలోళ్లు, నడివయసోళ్లు, తలపాగ చుట్టినాయన, నిండా ముత్యాల దండలు వేసుకున్న లంబాడీ అవ్వ. తప్పు ఏం లేదు ఎవల ఫోటోలోనూ. అయినా నాకెందుకో ఏదో తేడా కొట్టింది.

కొన్ని చూసినంక తెలిసింది. వాళ్లు నా దిక్కు చూస్తలేరు. అందరూ నా భుజం పక్కనుంచి, నా వెనుక ఎవరో నిలబడ్డట్టు చూస్తున్నరు. ఒక్కరు గాదు, అందరూ. ఒకే చోటికి. నేను వెనుకకు తిరిగి చూసిన. తలుపు, దాని అవతల ఎండ. ఎవరూ లేరు. మళ్లీ తెర దిక్కు తిరిగిన. వాళ్లు ఇంకా అక్కడికే చూస్తున్నరు. పట్టపగలు, వాకిట్లో కోడి అరుస్తుంది, వంటింట్లో తాలింపు చిటపటలాడుతుంది. అయినా ఆ ఒక్క భుజం చల్లబడ్డది.

మూసినవి తెరిచిన.

అవే మొఖాలు. దంతాలపల్లి అవ్వ, మానుకోట బాపు. కానీ గడ్డం కింద నుంచి తలకు గుడ్డ కట్టి ఉంది. ముక్కుల్లో దూది. కండ్లు మూసి ఉన్నయి. ఆయన చేసిన పని ఏందో అప్పుడు అర్థమైంది. బతికున్నప్పుడు ఒక్క ఫోటో కూడా దిగని మనుషులు చచ్చిపోతే, ఇంటోళ్లు ఉరుకుల మీద స్టూడియోకు వచ్చేటోళ్లు. ఈయన పోయి శవానికి ఫోటో తీసుకునేది. తెచ్చి, దూది తీసి, గుడ్డ తీసి, బొట్టు దిద్ది, కండ్లు తెరిపించేది. దశదినం నాటికి దండ వేయడానికి ఫోటో తయారు. ఈ పని కొందరు చేస్తరని విన్న. ఇంత మందిని ఒక్కచోట చూడలేదు.

మరి ఆ కండ్లు ఎవరివి?

"చాయ్ తాగు చెల్లె" అని వెనుకనుంచి మాట వినపడ్డది. తిరిగి చూస్తే తలుపులో ఆమె నిలబడి ఉంది. మొదటిసారి తలెత్తి నా మొఖంలోకి చూసింది. అవే కండ్లు. ఎడమ కంటి తెల్లగుడ్డు మీద ఆవగింజంత గోధుమరంగు మచ్చ. తెర మీద ఇందాక తెరిచిపెట్టిన లంబాడీ అవ్వ కంట్లో అదే మచ్చ. దాని పక్కనున్న తలపాగాయన కంట్లోనూ అదే.

"ఏమైంది? ఆడిమనిషేనా?" అని అడిగింది.

నేను పక్కకు జరిగిన. ఆమె వచ్చి తెరకు దగ్గరగా వంగి చూసింది. చాలాసేపు చూసింది. గ్లాసు బల్ల మీద పెట్టి, చీర కొంగుతో తెర తుడిచి మళ్లీ చూసింది.

"గివి నా కండ్లు" అన్నది.

"అవునక్కా."

"అందరికీ నాయే పెట్టిండు."

స్టూలు మీద కూలబడ్డది. మెల్లగ అన్నది: "పెండ్లైన కొత్తల. దుకాణం పెట్టినంక మొదటి ఫోటో నాదే తీస్త అన్నడు. గీ స్టూలు మీదనే కూసున్న. లైటు ఏస్తె కండ్లు మూతలు పడుతున్నయి. కెమెరా వంక సూడుడు నాతోని గాలె. నన్ను జూడు, కెమెరాను గాదు, నన్ను జూడు అన్నడు. కెమెరా పక్కన నిలబడ్డడు. నేను ఆయన్ను జూసిన."

నా భుజం పక్కన వాళ్లందరూ చూస్తున్నది ఎవరినో ఇద్దరికీ తెలిసిపోయింది. ఆమె నెమ్మదిగా తలతిప్పి, నేను ఇందాక చూసిన ఆ ఖాళీ జాగ దిక్కు చూసింది. తెర మీద వాళ్లూ, స్టూలు మీద ఆమె కూడా, ఒకే దిక్కు. ఆ ఒక్క నిమిషం గదిలో ఉండబుద్ధి కాలేదు. లేచి వాకిట్లోకి పోయి మిరపకాయల ఘాటు పీల్చుకుంట నిలబడ్డ.

మళ్లీ వచ్చేసరికి ఆమె తనే మౌస్ పట్టుకొని కిందికి పోతుంది. మూసినవి అన్నదాంట్లో అన్నిటికన్నా కింద ఒక ఫైలు ఉంది. దాని పేరు, నేను. తెరిస్తే ఆయనే. గోడకు దండ వేసి పెట్టిన ఆయన ఫోటోలో కంటే బాగా చిక్కిపోయిండు. నీలం పరదా ముందట, కండ్లు మూసుకొని కూర్చున్నడు. కెమెరాకు టైమర్ పెట్టి తనే తీసుకున్నట్టుంది. తెరిచినవి అన్నదాన్లో వెతికినం. ఆయనది లేదు.

"తనకు పెట్టుకోలే" అన్నది ఆమె. ఏడుస్తదేమో అనుకున్న. ఏడువలే. "చెరిపింది నేను జూసి భయపడ్త అనే. భయమైతుంది గని, చెల్లె, నాకు గాళ్ల ఇండ్లకు పోవాల్నని ఉన్నది. నేను గిన్ని ఇండ్లల్ల ఉన్నట్టు నాకే తెల్వకపాయె."

అందరి ఇండ్లూ ఎక్కడ తెలుస్తయి. కానీ పెద్దవంగర తండా అవ్వ ఇల్లు ఆమెకు గుర్తుంది. ఆ అవ్వ ఫోటో తీసిన రోజు తనూ ఆయన బండి వెనుక కూర్చొని పోయిందట. రెండు వారాల తర్వాత ఆమె జనగామకు వస్తే, ఇద్దరం కలిసి తొర్రూరు బస్సెక్కినం. పెద్దవంగరలో దిగి ఆటోలో తండాకు పోయినం.

ఇల్లు మారింది. రేకుల ఇల్లు పోయి స్లాబు వచ్చింది. అవ్వ కొడుకు అరుగు మీద కూర్చొని మక్కలు ఒలుస్తున్నడు. ఆయనకే డెబ్భై దగ్గర ఉంటయి. ఫోటో తీసినాయన భార్యను అని చెప్పడానికి ఆమె ముందుకు వంగింది. ఆయన తలెత్తిండు. చేతిలో కంకి కింద పడ్డది.

"యాడీ" అన్నడు.

వాళ్ల మాటల్లో అమ్మా అని. అన్నంక ఆయనకే సిగ్గయ్యి తల దించుకున్నడు. కానీ మళ్లీ మళ్లీ చూసిండు. లోపలినుంచి కోడలు వచ్చింది. ఆమె ఈమె మొఖం చూసి, ఒకడుగు వెనక్కు వేసి, గడప మీద చెయ్యి పెట్టుకుంది.

లోపల గోడ మీద అవ్వ ఫోటో ఉంది. పెద్దది, చెక్క ఫ్రేము. ఎండిపోయిన బంతిపూల దండ. దాని ఎదురుగా మంచం లేదు, బీరువా లేదు, ఏదీ లేదు. గది అంతా నిండి, ఆ ఒక్క జాగ మాత్రం నున్నగ అలికినట్టు ఖాళీగ ఉంది.

"గక్కడ ఎవ్వలం కూసోమక్కా" అన్నది కోడలు. "మా అత్త మమ్ముల జూడది. గక్కడ ఎవలో ఉన్నట్టు జూస్తది. మా పెద్దబిడ్డ చిన్నప్పుడు గా జాగల కూసుంటె జరమొచ్చింది. అప్పటిసంది ఖాళీగనే ఇడిసినం."

నా పక్కనున్న ఆమె ముందుకు కదిలింది. చెప్పులు విప్పి లోపలికి పోయింది. సక్కగ పోయి ఆ ఖాళీ జాగలో నిలబడి, ఫోటో దిక్కు తలెత్తింది. ఒకే జత కండ్లు ఒకదాన్నొకటి చూసుకుంటున్నయి. ఒక జత పడుచుతనపువి, ఒక జత నీరు కారుతున్నవి. కొడుకు గడప దాకా వచ్చి ఆగిపోయిండు.

కొంతసేపటికి కొడుకు అడిగిండు: "మా యాడి ఏం జూస్తుంది తల్లీ? నీకేమన్న ఎరికనా?"

"మా ఆయనను జూస్తుంది" అన్నది ఆమె. "ఫోటో తీసెటప్పుడు గక్కడ నిలబడ్డడు. ఖరాబు మనిషి గాదు. మీరు కూసోండ్రి, ఏం గాదు."

ఫోటోలో ఉన్న కండ్లు తనవని కూడా చెప్పింది. నేను ఊహించినట్టు వాళ్లు కోపానికి రాలేదు. అమ్మ కండ్లు అమ్మవి కావు అని తెలిసినంక కూడా. కొడుకు చాలాసేపు ఆలోచించి, "మా యాడియి గిట్లనే ఉంటుండె" అన్నడు. నిజంగ ఉండెనో, ఇన్నేండ్లు ఫోటో చూసి చూసి అట్ల అయ్యిందో నాకు తెలువదు. అన్నం తినిపోవాలని పట్టుబట్టిండ్రు. జొన్నరొట్టె పెట్టిండ్రు. ఆమె ఆ జాగలోనే కూర్చొని తిన్నది. కోడలు మాత్రం మేం పోయేదాక ఆమె కండ్లలోకి చూడలేదు.

నెల గడిచినంక ఆ కోడలు నాకు ఫోను చేసింది. మీరొచ్చి పోయినప్పటి నుంచి మా అత్త పక్కకు చూస్తలేదు, మా దిక్కే చూస్తుంది అన్నది. అది సంబరంగ చెప్పిందో, భయంగ చెప్పిందో గొంతును బట్టి నాకు తెలువలే. ఆ ఫోటో కాపీ నా దగ్గర ఉంది. తెరిచి చూద్దామని ఫైలు మీద చెయ్యి పెట్టి, తీసేసిన. ఇప్పటికీ తెరువలే.

మొగుళ్లపల్లి కంప్యూటర్‌లో నా లినక్సే ఎక్కించి ఇచ్చిన. ఆమె అడిగింది ఒక్కటే, ఎవ్వరినీ పిలువకుండ తనంతట తను చూసుకునేటట్టు ఉండాలని. సిస్టమ్ లేచేటప్పుడు చదివే ఫైలులో ఆ డిస్కు కోసం ఒక వరుస రాసిన. రకం యూడీఎఫ్, చెరిపినవి కూడా చూపించాలె, తెలుగు అక్షరాలు, రాసుడు బంద్. ఇప్పుడు డిస్కు వేసి, తెర మీద బొమ్మను నొక్కితే చాలు, చెరిపినవన్నీ వస్తయి. ఎవరు ఏది నొక్కినా ఇంక పోవు. కాపీ వేరే పెన్‌డ్రైవులో పెట్టిస్త అంటే, ఉండనియ్యి గని, నేను డిస్కులనే చూస్త అన్నది. డ్రైవు తిరిగే చప్పుడు ఆమెకు కావాలట. ఆయన గదిలో ఉన్నప్పుడు బయటికి అదే వినపడేదట.

ఇండ్లకు పోవుడు మాత్రం ఆపలేదు. దంతాలపల్లి దిక్కు ఒక ఇంటోళ్లు ఫోటోను ఎప్పుడో చెద పట్టిందని పారేసిండ్రు. మానుకోటలో ఒక ఇంటాయన ఆమెను చూసి తలుపు వేసుకున్నడు. ఎంత పిలిచినా తీయలేదు. ఇంకొక ఇంట్లో ముసలామె ఆమె చెయ్యి పట్టుకొని పొద్దుగూకేదాక విడువలేదట. ఇవన్నీ నాకు ఫోనులో చెప్తది.

మొన్న ఎండలు ముదిరినప్పుడు మళ్లీ పిలిచింది. మొగుళ్లపల్లిలోనే ఒక ముసలామె చనిపోయింది. ఇంట్లో ఫోన్లు ఉన్నయి గానీ, ముసలామె ఫోటో అంటే మొఖం కప్పుకునేదట. ఆధార్ కార్డు మీద ఉన్నది ఎవరో గుర్తుపట్టరాదు. ఫోటోగ్రాఫర్ ఇల్లని వాళ్లు ఈమె దగ్గరికి వచ్చిండ్రు.

"నువ్వొస్తె జేద్దాం. ఎట్లనో నాకు జూపియ్యి" అన్నది.

పోయిన. మూసిన కండ్ల ఫోటో వాళ్లే ఫోనులో తీసి పంపిండ్రు. దూది తీసేసుడు, గుడ్డ తీసేసుడు, రంగు సమానం చేసుడు చూపించిన. ఆమె తనే మౌస్ పట్టుకొని ఒక్కొక్కటే చేసింది. కండ్ల దగ్గరికి వచ్చేసరికి డిస్కులో నుంచి ఆమె కండ్లున్న ఒక పాత ఫోటో తెరువబోయిన. ఆమె నా చెయ్యి పట్టుకొని ఆపింది.

"నాయి ఒద్దు. గామె బిడ్డ వచ్చింది. గామె కండ్లు పెడదాం."

ముసలామె బిడ్డ బయట వాకిట్లో నిలబడి ఉంది. మాలెక్కనే నడివయసు మనిషి. పిలిచి, నీలం పరదా ముందట స్టూలు మీద కూర్చోబెట్టినం. గొడుగు లైటు వేసిన. ఆమె కండ్లు తెరిచి ఉంచుదామని చూసింది. నీళ్లు ఆగుతలేవు. తుడుచుకుంది, మళ్లీ తెరిచింది, మళ్లీ నిండినయి. లైటు ఆర్పేసిన. కరెంటు పంకా కింద ముగ్గురం అట్లనే కూర్చున్నం. ఎవ్వరం తొందరపెట్టలేదు.